వరుస తప్పిన టేబుల్

మాట్టుతావణి అంటే తమిళంలో పశువుల సంత. మదురైలో ఆ పేరున్న చోట 1999 నుంచి ఉన్నది మాత్రం బస్టాండు. ఎద్దులు పోయి బస్సులొచ్చాయి, పేరు కదల్లేదు. నవ్వే అర్హత నాకు లేదు. మా సంఘం పెళ్లిసంబంధాల డేటాబేస్ టేబుల్లో ‘ఫ్యాక్స్’ అనే కాలమ్ ఉంది, దాని నిండా వాట్సాప్ నంబర్లు. ‘జాతకం పేజీలు’ అనే కాలమ్‌లో అబ్బాయి జీతం ఉంటుంది. అదేమిటి మామా అని కార్యదర్శి గారిని అడిగితే, “ఆ కాలమ్ ఊరికే ఖాళీగా ఉండె కదప్పా, ఏసేస్తిమి” అన్నారు.

సంఘం పేరు చెప్పను. పెళ్లి కావలసిన తమ్ముడున్నాడు నాకు.

ఈ టేబుల్‌ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. మదురై తెలుగువాడికి బయట ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరులోని మొదటి అక్షరమే బడిలో, బ్యాంకులో, ఆధార్‌లో. ఇంటిపేరు, గోత్రం పెళ్లిమాటలప్పుడే పెట్టెలోంచి బయటికొస్తాయి, పట్టుచీరల్లాగా. నాయకరాజుల కాలం నుంచి మోసుకొచ్చిన ఇంటిపేర్లు ఇవాళ కాగితం మీద బతికి ఉన్నది ఇలాంటి సంఘాల్లోనే. అంటే అయిదు వందల ఏళ్ల ఆస్తిని ‘ఫ్యాక్స్’ పక్క గదిలో పెట్టి తాళం మరిచామన్నమాట.

మొదట కట్టినవాడు అన్న1, అన్న2, అన్న3 అని మూడు కాలమ్‌లు పెట్టాడు. అక్కలకూ అంతే. ప్రతి అక్కకూ భర్త పేరు, ఊరు, ఉద్యోగం, మళ్లీ తలా మూడు. నలుగురు అన్నలున్న పిల్ల వచ్చింది. నాలుగో ఆయన ఇంట్లో కాఫీ తాగుతున్నాడు గానీ డేటాబేస్‌లో పుట్టలేదు. “ఇంగొక కాలమ్ ఏసేయప్పా” అన్నారు మామ. ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్నారట, నేను కట్టేశాను. ఆ ఒక్క పిల్ల కోసం మిగతా వాళ్లందరి పక్కనా ఖాళీ గడి ఒకటి వెలిసింది, లేని అన్న కోసం వేసిన పీటలాగా.

అయిదో అన్న వచ్చేసరికి నాకు సిగ్గేసింది. ఆయనకు వేయలేదు.

1970లో ఐబీఎంలో ఎడ్గార్ కాడ్ ఈ రోగానికి మందు రాసి పెట్టాడు. పదే పదే వచ్చేదాన్ని పక్కకు సాగదీయకు, విడిగా ఇంకో టేబుల్ పెట్టి కిందికి వరుసలు పేర్చు. తోబుట్టువుల టేబుల్‌లో ఒక అన్నకు ఒక వరుస. పదిమంది ఉంటే పది, ఎవరూ లేకపోతే సున్నా. ఎవరికీ ఖాళీ పీట వేయక్కర్లేదు. కాడ్ చెప్పిన ‘రిలేషన్’ అంటే చుట్టరికం కాదు, గణితంలోంచి తెచ్చిన మాట, ఇక్కడ దాని రూపం టేబుల్. అయినా ఆ మాట మనకు అర్థమైనంత సులువుగా ఆయనక్కూడా అర్థమై ఉండదు. మేనరికాల దగ్గర వరుస కలిసిందా లేదా అని మూడు తరాలు తవ్వే జాతి మనది. డేటాబేస్ దగ్గరికి వచ్చేసరికి వరుస వదిలేసి కాలమ్ పట్టుకున్నాం.

ఇక అప్‌డేట్ సంగతి. ఒకే ఇంట్లో ముగ్గురు ఆడపిల్లలుంటే తండ్రి ఫోన్ నంబరు మూడు వరుసల్లో మూడుసార్లు రాసుంటుంది. ఆయన సిమ్ మార్చాడు. పెద్దమ్మాయి వరుసలో మార్చి మేము చేతులు దులుపుకున్నాం. ఏడాదిగా మిగతా ఇద్దరికీ సంబంధాలు రాకపోతే ఆయన నవగ్రహాలకు ప్రదక్షిణలు చేస్తున్నాడు.

ఇంకోసారి ఒకమ్మాయి నక్షత్రం సరిచేయబోయి, ఎవరిదో చెప్పే ‘వేర్’ రాయడం మరిచి మీట నొక్కాను. ఒక్క క్షణంలో సంఘంలోని ఆడపిల్లలందరిదీ మూల నక్షత్రం. మామగారికి గండమని ఆ నక్షత్రమంటేనే హడలిపోయే ఊరు! ముందు ‘బిగిన్’ అని ఉంటే ‘రోల్‌బ్యాక్’ అని తప్పించుకునేవాణ్ని. ముహూర్తం పెట్టకుండా పని మొదలుపెట్టినవాడికి శాస్త్రంలో పరిహారం లేదు, మా టేబుల్ ఉండే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లోనూ లేదు. పాత బ్యాకప్ దొరికింది కాబట్టి ఈ వ్యాసం రాయడానికి మిగిలాను.

ఆ పోస్ట్‌గ్రెస్ మరీ ఆచారపరురాలు. ఒక గడిలో ఒక అంకె మార్చినా, పక్కన విడిగా దాచిన పెద్ద విలువలు తప్ప, వరుసంతా కొత్తగా రాస్తుంది. పాత ప్రతి మామూలుగా ‘వాక్యూమ్’ వచ్చి ఊడ్చేదాకా పడే ఉంటుంది. బొత్తాం తెగితే చొక్కా మొత్తం కుట్టించినట్టు. పది కాలమ్‌ల చొక్కా అయితే సరే, మాది సర్కసు డేరా. పోస్ట్‌గ్రెస్ 1,600 కాలమ్‌ల దగ్గర చెయ్యెత్తుతుంది, మైఎస్‌క్యూఎల్ 4,096 దగ్గర. మైక్రోసాఫ్ట్ వాళ్ల ఎస్‌క్యూఎల్ సర్వర్ 1,024 అని చెప్పి, ఖాళీలు ఎక్కువుండే కాలమ్‌లైతే 30,000 దాకా పోవచ్చని సందు వదిలింది. దానికి ‘వైడ్ టేబుల్’ అని పేరు పెట్టి మరీ. రోగానికి బిరుదిస్తే ఇక వైద్యుడి దగ్గరికి ఎవడు పోతాడు?

సర్కారు మాత్రం తక్కువ తిన్నదా? 2011 జనగణన ఫారంలో మాతృభాష కాకుండా వచ్చిన భాషలకు రెండే గళ్లు. మాట్టుతావణి దగ్గర పూలకొట్టు పెట్టుకున్న తెలుగువాడికి వీధిలో తమిళం, బేరంలో పక్కింటి సౌరాష్ట్రం, పిల్లల బడి పుణ్యాన ఇంగ్లీషు. మూడోది ఎక్కడ రాయాలి? రాయలేదు, అంతే. అదే ఏడాది మొదలైన సామాజిక ఆర్థిక కులగణన దీనికి తిరగేసిన తప్పు చేసింది. సరిచూసుకునే జాబితా లేకుండా ఎవరేం చెబితే అది రాసుకున్నారు. 1931లో 4,147గా లెక్కతేలిన కులాలు 46 లక్షలు దాటాయని కేంద్రమే 2021లో సుప్రీంకోర్టుకు చెప్పుకుంది. అందులో అక్షరదోషాలే ఎన్ని కులాలయ్యాయో!

‘ఇవన్నీ ఎందుకు, మొత్తం జేసన్‌గా మూటగట్టి ఒకే కాలమ్‌లో పడేద్దాం’ అనే కుర్రవాళ్లున్నారు. గోనెసంచిలో సామాను పోసి ఇల్లు సర్దేశాననడం అది. నెలాఖరు నివేదికల కోసం వెడల్పు టేబుల్ విడిగా కట్టుకుంటే తప్పులేదు. దాన్నే వంటిల్లు చేసుకోవద్దు.

‘విడగొడితే మళ్లీ జాయిన్ చెయ్యాలి, నిదానం’ అంటారు ఇంకొందరు. కోయంబత్తూరు నుంచి తిరునెల్వేలి పోయేవాడు మదురైలోని ఇంకో బస్టాండు ఆరప్పాళయంలో దిగి, సిటీ బస్సు పట్టుకుని మాట్టుతావణికి వస్తాడు. రోజూ వేలమంది చేసే జాయిన్ అది. బస్సు నంబరు తెలిసినవాడు తేలిగ్గా వస్తాడు, తెలియనివాడు ఊరంతా తిరుగుతాడు. ఆ నంబరునే డేటాబేస్ వాళ్లు ఇండెక్స్ అంటారు. తిప్పలు పడ్డవాడి కోసం తిరునెల్వేలిని ఎవరూ ఆరప్పాళయం పక్కకు జరపలేదు.

ఈ బోధంతా మామకు చేశాను. శ్రద్ధగా విన్నారు, కాఫీ తెప్పించారు. “నువ్వు చెప్పేది బాగుండాదప్పా, వచ్చే ఏడు చూద్దాం. ఇప్పుడొక అవసరం. పోయిన ఏడు మనం కుదిర్చిన సంబంధమొకటి విడిపోయె. ‘భర్త’ కాలమ్ పక్కన ‘భర్త2’ అని ఒకటి ఏసేయ్.”

వేస్తున్నాను. వెనక నుంచి మళ్లీ ఆయనే.

“ఎట్లాగూ ఏస్తున్నావు కదా, ‘భర్త3’ కూడా ఇప్పుడే పెట్టేస్తే ఒక పనైపోతుంది చూడు.”