అప్పు సచివాలయమునకు, అపకీర్తి పురపాలకమునకు

రాజ్యాంగమునకు 74వ సవరణ 1993 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చిననాటినుండి, నగరపాలక సంస్థ యనునది కేంద్ర రాష్ట్రముల తరువాతి మూడవ ప్రభుత్వమని పెద్దలు సభలలో సెలవిచ్చుచుండుటయు, పట్టణ ప్రణాళిక మొదలు వీధిదీపములు, శ్మశానములు, బందెలదొడ్లు, కబేళాల వఱకు పదునెనిమిది అంశములు పండ్రెండవ షెడ్యూలులో దాని పేర వ్రాయబడినవని వివరించుచుండుటయు మనము వినుచునే యున్నాము. ఇంతటి ప్రభుత్వమునకు తన పౌరుని యింటిపై పన్ను ఎంత వేయవలెనో, ఎంత తగ్గింపవలెనో తేల్చుకొను స్వేచ్ఛ ఉండునని అమాయకులు తలంతురు. అట్టి చిల్లర విచారములు మేయరుగారి మనశ్శాంతికి భంగకరములని రాష్ట్ర ప్రభుత్వములు కరుణతో గ్రహించి, పెంచు ఫలమును తగ్గించు పుణ్యమును తామే స్వీకరించి, నోటీసుపై పేరును, దాని నందుకొన్నవారి శాపనార్థములను మాత్రము నగరపాలకమునకు విడిచిపెట్టినవి.

ఈ కరుణారసము 2020వ సంవత్సరమున ఆంధ్రప్రదేశములో పొంగిపొరలిన తీరు చిరస్మరణీయము. కరోనా కాలమున ఖజానాలు వట్టిపోగా, కేంద్రము రాష్ట్రములకు అదనపు ఋణమునకు అనుమతి నిచ్చుచు, అందు కొంతభాగమునకు సంస్కరణలను ముడివెట్టెను. ఆ సంస్కరణలలో నొకటి, పట్టణములలో భూముల రిజిస్ట్రేషను విలువలతో పొసగునట్లు ఇంటిపన్నునకు కనీసపు రేట్లను, మంచినీటికిని మురుగునీటికిని కనీసపు రుసుములను ప్రకటించుట. ఇట్టి సత్కార్యములలో మన రాష్ట్రము ఎన్నడును వెనుకబడునది కాదు గనుక, ఆ యేటి చివరలోనే చట్టమును సవరించి, అద్దె విలువపై వేయుచున్న పన్నును మూలధన విలువకు మార్చి, ఏటి పెంపు నూటికి 15కు మించరాదని ఊరట పలికి, మధ్యప్రదేశముతో కూడ దేశమున తొలి వరుసలో నిలిచి, 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పునకు అర్హత సంపాదించెను. అప్పుపత్రము వ్రాసినది రాష్ట్రము. జామీను నిలిచినది విజయనగరములోని పెంకుటిల్లు.

మూలధన విలువ పద్ధతి స్వతః దోషభూయిష్ఠమని నా అభిప్రాయము కాదు. విలువైన మేడ గలవాడు ఎక్కువ చెల్లించుట న్యాయమే. కాని ఆ న్యాయమును చర్చింపవలసిన పాలకవర్గములు ఆనాడు పెక్కు నగరములలో లేనే లేవు. ప్రత్యేకాధికారుల యేలుబడి సాగుచుండెను. 2021 మార్చి 10న పోలింగు జరిగి, 18న మేయర్లు పీఠము లెక్కిరి. ఏప్రిల్ 1తో మొదలగు సంవత్సరమునకు కొత్త పన్ను అప్పటికే సిద్ధమై వారికొఱకు ఎదురుచూచుచుండెను. తాము వేయని పన్నును తమ పేర వసూలు చేయుటయే వారికి దక్కిన తొలి అధికారము.

చెత్త విషయమున ఈ కరుణ మఱింత రమణీయము. 2021 గాంధీజయంతినాడు విజయవాడలో ఒక ముఖ్యమంత్రి పచ్చజెండా ఊపగా చెత్తబండ్లు బయలుదేరినవి. వానివెంట వినియోగ రుసుమును బయలుదేరినది, దానికి జనులు చెత్తపన్నని నామకరణము చేసిరి. 2024 గాంధీజయంతినాడు మచిలీపట్టణములో మఱియొక ముఖ్యమంత్రి ఆ పన్నును రద్దు చేయుచున్నట్లు ప్రకటించి కరతాళధ్వనుల నందుకొనెను. వేసినవారికి సంస్కర్తలన్న పేరు, తీసినవారికి దయాళువులన్న పేరు సమకూరినవి. చెత్త మాత్రము ఉభయ ప్రభుత్వముల హయాములోను నిష్పక్షపాతముగా ప్రతిదినము పుట్టుచునే యున్నది గనుక, డీజిలునకును, పారిశుద్ధ్య కార్మికుల జీతములకును సొమ్ము వెదకుకొను భాగ్యము కమీషనరుగారిది.

ఇక హైదరాబాదు మహానగరమున పన్ను తగ్గింపునకు ఋతువు ఎన్నికల ఋతువే. 2016 ఫిబ్రవరి గ్రేటరు ఎన్నికలకు ముందు, ఏటికి 1,200 రూపాయల వఱకు ఇంటిపన్ను గలవారు 101 రూపాయలు చెల్లించిన చాలునని అక్కడి రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించెను. పెండ్లిపందిరిలో చదివింపుల కాగితముపై ఎక్కు సంఖ్యయే పన్ను పుస్తకమున కెక్కినది, కాని ఈ పెండ్లిలో చదివించినవారు వేఱు, చేతిచమురు వదలించుకొన్నవారు వేఱు. 2020 డిసెంబరు 1 నాటి పోలింగునకు పక్షము చాలిన గడువుండగా, దీపావళి కానుకగా, 15,000 రూపాయల వఱకు పన్ను చెల్లించు గృహస్థులకు ఆ యేటి పన్నులో సగము తగ్గింపు ప్రకటింపబడెను. కానుక నిచ్చిన హస్తము సచివాలయమందలిది. తఱిగిన రాబడి జి.హెచ్.ఎం.సి. లెక్కలలోనిది.

నగరపాలకమునకు రాష్ట్రము ఏమియు నీయదనుట మాత్రము కృతఘ్నత. వృత్తిపన్నును, ఆస్తి బదిలీలపై సుంకమును తన శాఖలచేతనే శ్రమపడి వసూలు చేయించి, అందులో వాటా నొసంగుచునే యుండును. ఎప్పుడన్న ప్రశ్న మర్యాద కాదు. అయిదేండ్లకొకసారి రాష్ట్ర ఆర్థిక సంఘమును నియమింపవలెనని 243-ఐ అధికరణము శాసించుచుండగా, అట్టి సంఘము నివేదిక వ్రాయుటయు, ఆ నివేదిక బీరువాలో విశ్రమించుటయు ఆనవాయితీ. బడ్జెటు ప్రసంగమున పురపాలక శాఖకు వినిపించిన కేటాయింపు శ్రవణానందమునకు. విడుదల ఉత్తర్వు వచ్చిననే గాని కంట్రాక్టరు బిల్లు కదలదు.

కావున నా విన్నప మొక్కటే. పన్ను తగ్గించు పుణ్యమునుండి రాష్ట్రమును ఎవ్వరును తప్పింపరాదు; కాని తగ్గించిన ప్రతి రూపాయిని ప్రకటనకు ముందుగనే నగరపాలకపు ఖాతాలో జమచేయవలెనని చట్టము చేయుదురు గాక. అప్పుకొఱకు పెంచిన పన్నుల నోటీసులపై ఆర్థిక మంత్రిగారి సంతకము నచ్చొత్తింతురు గాక. ఈ రెండు నియమములు అమలైన తరువాతి ఎన్నికలలో, పండుగ కానుకలను ప్రకటింప ముందుకు వచ్చు దాతలు ఎందఱు మిగులుదురో లెక్కించు పని నాబోటి వ్రాయసకాని వ్రేళ్లకును మించియుండదు.