తీగ లాగితే పర్సు కదిలె!

2008లో ఆడియో కంపెనీ డెనాన్ వాళ్లు ప్లేయర్ నుంచి రిసీవర్‌కు పాట మోసే ఓ తీగను అమ్మారు. చూడ్డానికి మన ఇంటర్నెట్ కేబులే. పొడవు మీటరున్నర, ధర 499 డాలర్లు. సిగ్నల్ ఎటు పోవాలో చెప్పే బాణం గుర్తులు అదనం. బాణాల్లేకపోతే పాట దారి తప్పి వంటింట్లో తేలుతుంది కాబోలు!

అంతకు ఏడాది ముందు 7,250 డాలర్ల స్పీకర్ తీగ ఒకటి వార్తల్లోకెక్కింది. దానికీ మామూలు తీగకూ తేడా చెవితో పట్టి నిరూపిస్తే పది లక్షల డాలర్లిస్తానని ఇంద్రజాలికుడు జేమ్స్ రాండి సవాలు విసిరాడు. పందెం జరగనే లేదు. డబ్బు రాండి దగ్గరే ఉండిపోయింది.

ఇక టీవీకి తగిలించే హెచ్‌డీఎంఐ తీగ సంగతి. అందులో పోయేవి సున్నాలూ ఒకట్లే. సరిగ్గా చేరితే బొమ్మ పడుతుంది. చేరకపోతే తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా తెర నల్లబడుతుంది. ఖరీదైన తీగ వాడినంత మాత్రాన హీరోగారి మొహానికి కొత్త కళ రాదు. గది ఆ చివరి నుంచి ఈ చివరికి లాగాలన్నా, 8కే టీవీ ఉన్నా కాస్త మంచి తీగ కావాలి, నిజమే. దానికి ‘అల్ట్రా హై స్పీడ్’ లేబుల్ చూసుకుంటే సరి, ఆస్తి పత్రాలు తీయక్కర్లేదు.

‘బంగారు పూత సార్!’ అంటాడు సేల్స్‌మన్. అది తుప్పు పట్టకుండా కాస్తుంది, అంతే. ఈసారి అలా అంటే తరుగెంత, మజూరీ ఎంత అని అడగండి.