శ్వేతసౌధం కప్పు మీద ఏడేళ్లు

ఈ పలకలో చూసి మురిసిపోవడానికి ఏమీ లేదు. పైన గాజు, దాని కింద నల్లపూత పూసిన లోహపు రేకు, రేకుకు అంటిపెట్టుకుని గొట్టాలు, అడుగున వేడి జారిపోకుండా ఒక పొర, చుట్టూ చట్రం. కరెంటు పుట్టించడం దీనికి తెలియదు. నీళ్లు కాయడం ఒక్కటే తెలుసు. అయినా 1979 జూన్ 20న అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ విలేఖరులను వెంటబెట్టుకుని శ్వేతసౌధం వెస్ట్ వింగ్ కప్పు మీదికి ఎక్కింది ఈ పలకనూ, దీని తోడి పలకలనూ లోకానికి చూపించడానికే. చెబుతున్నది ఆ పలకే. 32లో ఒకటిగా బతికిన వస్తువు గనక ‘నేను’ అనడం దానికి అలవాటు కాలేదు.

వంశం పాతదే. 1891లో బాల్టిమోర్‌లో క్లారెన్స్ కెంప్ అనే ఆయన నీళ్ల తొట్లను గాజు మూత వేసిన పెట్టెలో పెట్టి, ఎండకు కాగేలా చేసి పేటెంటు తీసుకున్నాడు. మధ్యాహ్నం నీళ్లు బాగానే కాగేవి గానీ తెల్లారేసరికి చల్లారిపోయేవి. ఆ లోపాన్ని 1909లో కాలిఫోర్నియాలో విలియం బెయిలీ సరిదిద్దాడు. ఎండ పట్టే పలకను, నీళ్లు నిలిచే ట్యాంకును వేరు చేశాడు. ట్యాంకుకు మందంగా కప్పు తొడిగి, పలకకంటే ఎత్తులో పెట్టాడు. వేడెక్కిన నీరు తేలికై పైకి పోతుంది, చన్నీరు దాని చోటికి దిగుతుంది. మోటారు అక్కర్లేదు. ఇవాళ హైదరాబాదులోనో విజయవాడలోనో డాబాల మీద కనిపించే సోలార్ హీటర్లు చాలావరకు ఆ పద్ధతిలోనే నడుస్తున్నాయి. కాలిఫోర్నియాలో మాత్రం 1920ల్లో సహజవాయువు చౌకగా దొరకడంతో సౌర హీటర్ల వ్యాపారం పడిపోయింది. ఈ పలక పుట్టకముందే దాని పెద్దలు ఒకసారి చౌక ఇంధనం చేతిలో ఓడిపోయారు.

మళ్లీ పిలుపు వచ్చింది 1973లో. అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. 1978లో వచ్చిన పన్ను చట్టం ఇంటి మీద సౌర పరికరాలు పెట్టుకున్నవాళ్లకు రాయితీ ఇచ్చింది: ఖర్చులో మొదటి 2,000 డాలర్లకు 30 శాతం, ఆపైన 8,000 డాలర్లకు 20 శాతం. 1979లో ఇరాన్ విప్లవంతో చమురుకు మరోసారి కటకట వచ్చింది. అలాంటి రోజుల్లో కార్టర్ ఆ కప్పు మీద నిలబడి, 2000 సంవత్సరానికి దేశానికి కావలసిన శక్తిలో 20 శాతం సూర్యుడి నుంచీ, తరగని ఇతర వనరుల నుంచీ రావాలని లక్ష్యం చెప్పాడు. ఈ పలకలు రేపు గొప్ప ప్రయత్నానికి తొలి అడుగు కావచ్చు, మ్యూజియంలో వస్తువులూ కావచ్చు అని కూడా ఆ రోజే అన్నాడు. ఆయన చెప్పిన రెండు దారులూ నిజమయ్యాయి.

పని సంగతి చెప్పాలంటే, ఎండ పలకకు ఎదురుగా పడాలి, చెట్టు నీడా పిట్టగోడ నీడా తగలకూడదు. భూమధ్యరేఖకు ఉత్తరాన ఉన్న ఊళ్లలో ముఖం దక్షిణానికి ఉండాలి. వాషింగ్టన్ సుమారు 39 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది, అక్కడ పలక బాగా వాలి నిలబడాలి. 17 డిగ్రీల మీదున్న హైదరాబాదులో అంత వాలు అక్కర్లేదు. మంచు కురిసే దేశాల్లో గొట్టాల్లో నీళ్లు గడ్డకడితే పగిలిపోతాయి కాబట్టి, గడ్డకట్టని ద్రవాన్ని పంపుతో తిప్పి, దాని వేడిని ట్యాంకులో నీళ్లకు అందించే ఏర్పాటు చేస్తారు. తెలుగు ఇళ్లకు ఆ బాధ లేదు. ఇక్కడి శత్రువు బోరునీళ్లలోని ఉప్పు. అది సన్నటి రాగి గొట్టాల్లో పేరుకుపోయి దారి మూసేస్తుంది. అందుకే ఉప్పునీళ్ల ఊళ్లలో గాజు గొట్టాల రకం మంచిదంటారు, వాటిని విప్పి కడగడం సులువు. ఇంకొకటి: వేడినీళ్ల ట్యాంకుకంటే చన్నీళ్ల ట్యాంకు ఎత్తులో ఉండాలి. ఇల్లు కట్టేటప్పుడే చన్నీళ్ల ట్యాంకు కింది దిమ్మె ఎత్తు చూసుకోని వాళ్లు తర్వాత ట్యాంకు ఎత్తడానికి నానా అవస్థలు పడతారు.

ఈ పలక ఏడేళ్లు ఆ కప్పు మీద నీళ్లు కాచింది. 1985 చివరికి ఇళ్లకిచ్చే పన్ను రాయితీ గడువు తీరిపోయింది, చమురు ధర పడిపోయింది, సౌర హీటర్లు అమ్మే కంపెనీలు వరసగా మూతపడ్డాయి. 1986లో, అధ్యక్షుడు రేగన్ పాలనలో, కప్పు మరమ్మతుల కోసం పలకలను దించారు. మరమ్మతులు పూర్తయ్యాయి. పలకలు మాత్రం మళ్లీ పైకెక్కలేదు. వాటిని వర్జీనియాలో ఒక ప్రభుత్వ గోదాములో పడేశారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. సూర్యుడు మారలేదు, పలకా మారలేదు. పనికిరాని సరుకులా గోదాములో పడేసినవాటిలో 16 పలకలు ఆ తర్వాత మరో కప్పు మీద ఏళ్ల తరబడి నీళ్లు కాచాయి. 1991లో మెయిన్ రాష్ట్రంలోని యూనిటీ కాలేజీ వాళ్లకు గోదాములోని పలకల సంగతి తెలిసింది. ఆ చిన్న కాలేజీలో పనిచేసే పీటర్ మార్‌బాక్ ప్రభుత్వాన్ని అడిగి, 500 డాలర్ల రుసుము కట్టి, సీట్లు పీకేసిన పాత స్కూలు బస్సులో వాటిని తీసుకెళ్లాడు. బాగుచేసిన పలకలను కాలేజీ భోజనశాల మీద బిగించారు. వాషింగ్టన్‌కంటే చలి ఎక్కువైన చోట అవి 2005 దాకా పనిచేశాయి. ఈ పలక ఎక్కువగా తలుచుకునేది కార్టర్ ప్రసంగాన్ని కాదు, ఆ బస్సు ప్రయాణాన్ని.

తోడివాటిలో ఒకటి అట్లాంటాలోని కార్టర్ గ్రంథాలయానికి వెళ్లింది, ఒకటి వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంకు. ఇంకొకటి 2010లో చైనాలోని డెజౌ నగరానికి చేరింది. సౌర హీటర్లు తయారుచేసే హిమిన్ సంస్థ అధిపతి హువాంగ్ మింగ్ దాన్ని తమ మ్యూజియంలో పెట్టుకున్నాడు. అదే ఏడు సెప్టెంబరులో రచయిత బిల్ మెకిబెన్, యూనిటీ విద్యార్థులు మరో పలకను బండికి ఎక్కించుకుని శ్వేతసౌధానికి తీసుకెళ్లి, మళ్లీ కప్పు మీద పెట్టమని అడిగారు. అక్కడివాళ్లు తీసుకోలేదు.

కానీ ఆ ఇంటికి సౌరశక్తి వేరే దారిన అప్పటికే తిరిగొచ్చింది. 2003 నాటికే ఆవరణలోని నిర్వహణ భవనం మీద సుమారు 9 కిలోవాట్ల కరెంటు పలకలు, వాటితో పాటు నీళ్లు కాచేవీ పెట్టారు. 2013లో ప్రధాన భవనం కప్పు మీద పని మొదలై మరుసటేడు 6.3 కిలోవాట్ల వ్యవస్థ సిద్ధమైంది. తెలుగు ఊళ్లలో సూర్యఘర్ పథకం కింద ఒక మధ్యతరగతి ఇల్లు పెట్టుకునే 3 కిలోవాట్లకు ఇది రెండింతలు, అంతే. 2024లో మొదలైన ఆ పథకంలో 3 కిలోవాట్లకు కేంద్రం ఇచ్చే సబ్సిడీ 78,000 రూపాయలు. పగలు మిగిలిన యూనిట్లు నెట్ మీటరు ద్వారా లైనులోకి వెళ్లి బిల్లులో తగ్గుతాయి. బ్యాటరీ లేకపోతే మాత్రం కరెంటు పోయినప్పుడు ఈ వ్యవస్థ కూడా ఆగిపోతుంది. స్తంభమెక్కిన లైన్‌మన్‌కు షాకు కొట్టకుండా ఇన్వర్టరు తనంతట తానే ఆగేలా చేశారు.

కరెంటు పలకల మీద ఈ పలకకు అసూయ లేదు, ఒక లెక్క మాత్రం ఉంది. 100 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు కాయాలంటే దాదాపు 4 యూనిట్ల కరెంటు కావాలి. అంత కరెంటు రావాలంటే కిలోవాటు పలకలకు రోజంతా ఎండ కాయాలి, వాటికి సుమారు 5 చదరపు మీటర్ల జాగా పడుతుంది. అదే నీళ్లను రాగి గొట్టాల పలక 2 చదరపు మీటర్లలో కాస్తుంది. డాబా ఇరుకైన ఇంట్లో గీజరు కోసం కరెంటు పలకలు కొనేముందు ఈ లెక్క వేసుకోవాలి. ఫ్యానుకీ ఫ్రిజ్జుకీ కరెంటు తప్పదు, స్నానపు నీళ్లకు ఎండే సరిపోతుంది.

2017 ఫిబ్రవరిలో, 92 ఏళ్ల కార్టర్ తన సొంత ఊరు ప్లెయిన్స్‌లో, తాను కౌలుకిచ్చిన 10 ఎకరాల పొలంలో సౌర విద్యుత్ కేంద్రాన్ని ప్రారంభించాడు. అనంతపురం రైతులకు బాగా తెలిసిన వేరుశనగే ఒకప్పుడు ఆ కుటుంబానికీ బతుకుదెరువు. ఆ పొలంలో ఇప్పుడు 3,852 కరెంటు పలకలున్నాయి, వాటి సామర్థ్యం 1.3 మెగావాట్లు. ఊరికి కావలసిన కరెంటులో సగానికి పైగా అక్కడి నుంచే వస్తుందని లెక్కగట్టారు.