సమానత్వం: ఉదయం 9.30 నుంచి సాయంత్రం 4.30 వరకు

సమానత్వం మూడు రోజుల శిక్షణలో వచ్చేస్తుందని విద్యాశాఖకు గట్టి నమ్మకం. పూటకో టీ, రోజుకో భోజనం ఉంటే చాలు. పొద్దున తొమ్మిదిన్నరకు ఒక సంతకం, సాయంత్రం నాలుగున్నరకు ఒక సంతకం. మూడో రోజు రెండో సంతకం అయ్యేసరికి టీచరు సమ్మిళితుడై, మార్పుకు సిద్ధుడై, రిలీవింగ్ కాగితం జేబులో పెట్టుకుని బండి స్టార్ట్ చేస్తాడు. 2020 జాతీయ విద్యా విధానం ప్రతి టీచరూ ఏడాదికి 50 గంటల పాటు వృత్తిలో ఎదగాలంది. ఎదుగుదలను కొలవడం కష్టం, గంటలను కొలవడం తేలిక. కాబట్టి గంటలే కొలుస్తున్నారు.

తెలంగాణలోని బాన్సువాడలో అలాంటి శిక్షణ ఒకటి నడుస్తోందనుకోండి. రిసోర్స్ పర్సన్ గారు ల్యాప్‌టాప్ తెరిచారు. మొదటి స్లైడు మీకూ తెలిసిందే: గోడ అవతల క్రికెట్, ఇవతల ముగ్గురు పిల్లలు, కాళ్ల కింద పెట్టెలు. పొట్టివాడికి రెండు పెట్టెలు ఇవ్వడమే సమన్యాయం అని సారు వివరించారు. లెక్కల సారు చెయ్యెత్తాడు.

“గా పెట్టెలు ఏ గ్రాంటుల కొన్నరు సార్? మా బడికి సుద్దముక్కల పైసలే ఇంక రాలే.”

హాలంతా నవ్వింది. ఆ ప్రశ్నను పసుపు చీటీ మీద రాసి, గోడకున్న ‘పార్కింగ్ లాట్’ చార్టుకు అంటించారు. జవాబు లేని ప్రశ్నలు అక్కడ నిలుపుతారు. మూడు రోజుల్లో ఆ చార్టు నిండిపోతుంది. నాలుగో రోజు దాన్ని చుట్టి బీరువా మీద పెడతారు.

తర్వాతి సెషన్ ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించి. “వాళ్లను చులకన చేసే మాట ఒక్కటి కూడా మన నోట రావద్దు” అని సారు గట్టిగా చెప్పారు. చెప్పి, వెనక వరుసలో ఫోన్లు చూసుకుంటున్న వాళ్లను గమనించి, “మీకు చెప్పడం చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది” అన్నారు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటి పేర్లు వరుసగా చదువుతూ పోయారు. పదమూడోది వచ్చేసరికి అన్నం వేళయింది. మిగిలిన ఎనిమిది రకాల పిల్లలూ మధ్యాహ్నానికి వాయిదా పడ్డారు.

ఆ 21 పేర్లూ కాగితం చూడకుండా చెప్పగల మనిషి ఒకామె హాల్లోనే ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రంలో ఐఈఆర్‌పీ, అంటే సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్. నడవలేని పిల్లల ఇంటికి వెళ్లి పాఠం చెప్పడం, చేతి వేళ్లు కదపలేని పిల్లవాడికి పెన్సిల్ ఎలా పట్టించాలో తల్లికి చూపించడం ఆమె పని. ఈ శిక్షణలో ఆమెకు అప్పగించింది మాత్రం హాజరు పట్టీ తిప్పడం. సమగ్ర శిక్ష పథకంలో కాంట్రాక్టు ఉద్యోగి కదా. తమను క్రమబద్ధీకరించమని ఆ ఉద్యోగులు 2024 డిసెంబరులో రాష్ట్రమంతటా సమ్మెకు దిగారు. సమానత్వం గురించి ఆమెకూ చెప్పాల్సింది కొంత ఉండే ఉంటుంది. ఎజెండాలో ఆ అంశం లేదు.

ఇక వైవిధ్యం. బాన్సువాడ ప్రాంతానికి వైవిధ్యం నేర్పాలనుకున్న వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాలి. నిజాంసాగర్ నీళ్ల కోసం కోస్తా నుంచి వచ్చి క్యాంపులు వేసుకున్న రైతుల మనవలు ఇక్కడి బడుల్లో ఉన్నారు. ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు. తండాల నుంచి వచ్చేవాళ్లున్నారు. జుక్కల్, మద్నూర్ దిక్కు పోతే మరాఠీ, కన్నడం వినబడతాయి. తల్లి బీడీలు చుడుతుంటే పక్కన కూర్చుని ఆకు కత్తిరించి, ఆ చేతులతోనే బడికి వచ్చే ఆడపిల్లలున్నారు. స్లైడులో మాత్రం వైవిధ్యం అంటే రంగురంగుల బొట్లు పెట్టుకున్న నలుగురు పిల్లలు చేతులు పట్టుకుని భూగోళం చుట్టూ నిలబడటం.

తండా పాపనే చూడండి. అమ్మను యాడి అంటుంది, రొట్టెను బాటి అంటుంది. బడికి వస్తే తెలుగు. 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది దాకా ఇంగ్లీషు మీడియం పెట్టి, ఒక పేజీ ఇంగ్లీషులో, ఎదురు పేజీ తెలుగులో ఉన్న పుస్తకాలిచ్చారు. ఆ పాప భాష రెండు పేజీల నడుమ కుట్టు దగ్గర ఏమైనా ఉందేమో వెతకాలి. వీలైతే కనీసం అయిదో తరగతి దాకా ఇంటి భాషలోనే చెప్పమని కేంద్ర విధానం అంటుంది. ఇంగ్లీషు కావాలని తల్లిదండ్రులే అడుగుతున్నారని రాష్ట్రం అంటుంది, అందులో అబద్ధమూ లేదు. ఇద్దరి మాటా నిలబెట్టాల్సింది మాత్రం అయిదు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకున్న ఒక్క టీచరు. ఆ మేడమ్ కూడా ఇప్పుడు ఈ హాల్లోనే ఉంది. ‘ఏ బిడ్డా వెనకబడకూడదు’ అనే సెషన్ వింటోంది. ఆమె బడిని చూసుకోమని పక్క బడి సారుకు చెప్పారు. పక్క బడి సారు ఆమె వెనక కుర్చీలో ఉన్నాడు.

ఆమే లేచి అడిగింది. “సార్, మా తండాల సగంమంది పిల్లలు దసరా ఎల్లినంక చెరుకు కొట్టుడుకు తల్లిదండ్రులతోని పోతరు. ఎండాకాలం ముంగట వస్తరు. వచ్చినంక వాళ్లకు ఏ తరగతి పాఠం చెప్పాలె?”

“విద్యార్థి నేపథ్యాన్ని ముందు మీరు అర్థం చేసుకోవాలి మేడమ్” అన్నారు సారు. పసుపు చీటీ మళ్లీ గోడెక్కింది.

నేపథ్యం సంగతి ఎవరికి చెబుతున్నారండీ? 2024 నవంబరులో ఇంటింటి కులసర్వే చేసిందెవరు? ప్రాథమిక బడులను ఒంటిపూట చేసి, మధ్యాహ్నాలు ఈ టీచర్లనే 75 ప్రశ్నల ఫారంతో గడప గడపకూ తిప్పారు. ఎవరి కులమేమిటి, ఎంత భూమి ఉంది, ఎవరు వలస పోయారు, ఎవరి నెత్తిన ఎంత అప్పుంది, అన్నీ వీళ్ల చేతులతోనే రాయించారు. పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తులు, ఎన్నికలు తప్ప మరో పనికి టీచర్లను వాడొద్దని విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ అంటుంది. చట్టం సంగతి అలా ఉంచండి. అసమానత మీద ఈ రాష్ట్రంలో అందరికంటే ఎక్కువ క్షేత్ర పరిశోధన చేసిన మనుషుల్ని తీసుకొచ్చి, అసమానత అంటే ఏమిటో పెట్టెల బొమ్మతో చెప్పడం చూడముచ్చటగా ఉంది.

మార్పుకు సిద్ధం చేయడమన్నది ఇంకా పెద్ద వేడుక. 2019లో ‘నిష్ఠ’ అనే టీచర్ల శిక్షణ వచ్చింది. 2020లో అది ఫోన్లోకి దూరింది. పద్దెనిమిది కోర్సుల్లో మొట్టమొదటిది సమ్మిళిత విద్య గురించే. చాలా ఇళ్లలో ఆ వీడియో కుక్కర్ పక్కన తనంతట తాను నడిచి, తనంతట తాను పూర్తయి, టీచరుకు సర్టిఫికెట్ ఇప్పించింది. 2022 ఆగస్టు 15న చిన్న తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరిచే ‘తొలిమెట్టు’, వెనకే పెద్ద తరగతులకు ‘ఉన్నతి’. 2025 ఆగస్టులో ముఖం చూసి హాజరు వేసే యాప్. అదే ఏడాది సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు: అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలి, టెట్ లేని టీచర్లంతా రెండేళ్లలో ఆ అర్హత పరీక్ష పాసవ్వాలి, లేదంటే ఇంటికి. ఇరవై ఏళ్లుగా రకరకాల పిల్లలను ఒకే గదిలో నెట్టుకొచ్చిన సారు ఇప్పుడు రాత్రిళ్లు గైడు ముందేసుకుని ‘సమ్మిళిత విద్య అనగా’ కింద ఎ, బి, సి, డి చూస్తున్నాడు. ఇన్ని మార్పులు తట్టుకున్న ప్రాణికి ‘మార్పును ఆహ్వానించడం ఎలా’ అని మళ్లీ ఒక సెషన్.

అలాగని టీచర్లను గంగిగోవుల్ని చేయలేం. “వాడు తండా పోరడు, వానికేం వస్తది” అనే మాట శిక్షణ హాల్లో పుట్టలేదు, స్టాఫ్ రూములో పుట్టింది. సర్కారు బడిలో సమానత్వం చెప్పే సార్ల పిల్లలు పొద్దున్నే టై కట్టుకుని ప్రైవేటు బస్సు ఎక్కుతారు. ముందు బెంచీలో ఎవరు, గోడ వార ఎవరు, చీపురు ఎవరి చేతికి వస్తుంది అన్నది ఏ పీపీటీ నిర్ణయించదు. నిజంగా శిక్షణ కావాల్సింది ఇక్కడ. అయితే దీని మీద స్లైడు తయారు చేయడం ప్రమాదం. హాలు నవ్వదు.

శిక్షణ పైనుంచి కిందికే పారుతుంది: హైదరాబాద్‌లో రాష్ట్ర బృందానికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి. ఆయకట్టు చివరి మడికి నీరు చేరినట్టే, తండా బడికి తడి మాత్రం అందుతుంది. మరి ఇది ఎత్తిపోతల రాష్ట్రం కదా. గోదావరిని గుట్టల మీదికి ఎక్కించిన వాళ్లం, చెరుకు కొట్టబోయిన పిల్లల సంగతిని తండా నుంచి హైదరాబాద్ దాకా ఎక్కించే మోటారు ఒక్కటి పెట్టలేమా?

కాబట్టి సర్కారు వారికి కొన్ని విన్నపాలు. ఒకటి: సమ్మిళిత విద్య చెప్పే ప్రతి రిసోర్స్ పర్సనూ ముందు ఏకోపాధ్యాయ బడిలో అయిదు తరగతులకు ఒక పూట పాఠం చెప్పి రావాలి. వచ్చాక కూడా అవే స్లైడ్లు చూపించాలనిపిస్తే చూపించవచ్చు. రెండు: హాజరు పట్టీ రిసోర్స్ పర్సన్ తిప్పాలి, సెషన్ ఐఈఆర్‌పీ చెప్పాలి. మూడు: శిక్షణ మొదటి రోజు పాత పసుపు చీటీలకు జవాబులతోనే మొదలుకావాలి. జవాబుల్లేకపోతే ఆ రోజుకు సెలవివ్వాలి, పిల్లలకైనా మేలు జరుగుతుంది.

ఇవేవీ కుదరవంటే ఇంకొక్కటి. ఆ హాలు మెట్ల పక్కన చక్రాల కుర్చీల కోసం కట్టిన ర్యాంపు ఒకటుంది. శిక్షణ జరిగినన్ని రోజులూ దాని మీద కిందినుంచి పైదాకా మోటారు సైకిళ్లు నిలబడి ఉంటాయి. వాటిని తీయడానికి జీవో అక్కర్లేదు, గ్రాంటు అక్కర్లేదు, స్లైడు అసలే అక్కర్లేదు. తాళంచెవులన్నీ లోపల సమానత్వం వింటున్న వాళ్ల జేబుల్లోనే ఉన్నాయి.