రేవున మర్యాద

సముద్రతీర నగరములకు విహారార్థము వెడలువారికి జాగ్రత్తలు బోధించు పుస్తకములను చదివినప్పుడెల్ల, రాజమహేంద్రవర వాస్తవ్యుడనైన నాకు లోలోపల చిన్న అసూయ పొడసూపుచుండును. ఇసుకపై వస్త్రములు విడిచి నీట దిగవలదనియు, తీరమున నడుచునప్పుడు మెడలో నగలుంచుకొనవలదనియు, అడుగకయే సాయము చేయ వచ్చినవానిని నమ్మవలదనియు, బేరమాడక యే వాహనమును ఎక్కవలదనియు ఆ గ్రంథకర్తలు గోవా మొదలు దూరదేశముల తీరముల వఱకు ఏకరువు పెట్టుదురు గాని, మా గోదావరి గట్టును పొరపాటుననైన పేర్కొనరు. మాకు సముద్రము లేనిమాట నిజమే. అది దిగువన అంతర్వేది దగ్గరనో యానాము దగ్గరనో ఉన్నది. అయినను పుష్కరాలరేవున గాని కోటిలింగాలరేవున గాని, కార్తిక సోమవారమునాడు తెల్లవారుజాము మొదలు పొద్దెక్కువఱకు ఒక మెట్టుపై కదలక కూర్చున్నవానికి, ఆ పుస్తకములలో చేరని అధ్యాయములు పెక్కు కన్నులయెదుట నడచిపోవును.

భేదమెల్ల పద్ధతిలో నున్నది. తక్కిన తీరములందు వంచకుడు తొందరపెట్టును, బెదరించును, ఒక్కొక్కప్పుడు కత్తియు చూపునట. మా రేవున అట్టి మోటుతనము లేదు. ఇక్కడివాడు మర్యాద చేయును. గోదావరి జిల్లాల నోట ‘అండి’ యను మాట వాక్యమున కొక్కటి చొప్పున గాక, ఊపిరి కొక్కటి చొప్పున వెలువడునను సంగతి జగద్విదితము. "ఆయ్, తమరు కంగారు పడకండి, సామాను నేను చూస్తానండి, తమరు తాపీగా మునగండి" అని ఒక పెద్దమనిషి తలవంచి పలికినపుడు, వాని చేతినుండి సంచి లాగికొనగల కఠినాత్ముడు హైదరాబాదున గాని, చెన్నపట్టణమున గాని, ఇంకను జన్మింపలేదు. మనలోని లోభమును పట్టి మోసగించు విద్య లోకమంతటను కలదు. మనలోని మొగమాటమును పట్టి మోసగించు విద్యకు మాత్రము మా జిల్లాయే పుట్టినిల్లని నా నిశ్చితాభిప్రాయము.

మా తోడల్లుడు భాగ్యనగరమునుండి సకుటుంబముగ వచ్చి గోదావరి స్టేషనులో దిగెను. అక్కడినుండి పుష్కరాలరేవునకు పాదచారికి పది నిమిషములు పట్టదు. కాని స్టేషను వాకిట ఆటోవాడొకడు "పిల్లలు ఎండకి వాడిపోతారండి, ఎక్కండి సార్, డబ్బుదేముందండీ" యని ఆదరముగ పలుకుటతో నందరును ఎక్కిరి. ఆ ఆటో కంబాలచెరువు చూపెను; దేవీచౌకు చూపెను; 1890లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు కట్టించిన పురమందిరమును చూపి, ఆయన వితంతు వివాహములు జరిపించిన కథయంతయు చెప్పెను; తుదకు కోటగుమ్మము మీదుగ, బయలుదేరిన చోటికి కూతవేటు దూరమున దింపెను. తోడల్లుడు నన్ను చూచినతోడనే "అన్నయ్యగారూ, మీ ఊళ్ళో ఆటోవాళ్ళెంత మంచివాళ్ళండీ! పిల్లకి మంచినీళ్ళ సీసా కూడా ఇచ్చాడు" అని మురిసిపోయెను. ఆ సీసా ఖరీదుతో పాటు చరిత్రోపన్యాసపు రుసుమును కూడ చెల్లించితివని చెప్పి, అతని సంతోషమును చెరచుటకు నాకు మనసు రాలేదు. నేనును ఈ జిల్లావాడనే గదా!

ఈ విద్య మాకు నిన్న మొన్న అబ్బినది కాదు. చౌర్యమును శాస్త్రముగ నభ్యసించినవారు పూర్వము లేకపోలేదు: మృచ్ఛకటికములో శర్విలకుడు చారుదత్తుని యింటికి కన్నము వేయుచు, కొలబద్ద మరచివచ్చుటచే జందెముతోనే కొలతలు తీసికొనెను. అది కేవలము హస్తకౌశలము. మా వైపు సంప్రదాయము చూడవలెనన్నచో పంతులుగారి రాజశేఖర చరిత్రమునే తెరువవలెను. రాజశేఖరుడు ఈ పట్టణమునకు దిగువనున్న ధవళేశ్వరమువాడు. ధనవంతుడు, ధర్మాత్ముడు, ముఖస్తుతికి కరగువాడు. ఆయన యింటికి చేరిన బైరాగి గోడకు కన్నము వేయలేదు, కత్తి దూయలేదు. నమ్మకము సంపాదించెను, బంగారము చేయు యోగము తనకు తెలియునని నమ్మించెను, ఇంటనున్న బంగారమును వెండిని చేజిక్కించుకొని అదృశ్యుడయ్యెను. 1878 నాటి రచన యది. ఆనాటి బైరాగి విభూతి పూసికొనెను. ఈనాటివాడు చొక్కా తొడిగికొనుచున్నాడు. నడుమ మారినది బట్టయొక్కటే.

ఇంతకాలము మోసగానిని తిట్టుటకు మనకొక సంఖ్య యైనను ఉండెడిది. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో వంచనకు 420వ సెక్షను గనుక, అక్షరజ్ఞానము లేనివాడును ‘ఫోర్‌ట్వంటీ’ యని నిందించి కసి తీర్చుకొనెడివాడు. 2024 జూలై 1 నుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహిత ఆ నేరమును 318వ సెక్షనులోనికి మార్చినది. ఆ సంహితలో మొత్తము సెక్షనులే 358 గావున, 420 కొఱకు దివిటీ పట్టి వెదకినను దొరకదు. కడుపు మండినవేళ "ఓరి మూడువందల పద్దెనిమిదీ" యని కేక వేయుటకు ఎవని నాలుక తిరుగును? అయితే, ముఠాకట్టి జేబులు కొట్టుట, అధికారము లేక టిక్కెట్లమ్ముట మున్నగు చిల్లర నేరములకు ఆ సంహితలోనే 112వ సెక్షను ప్రత్యేకముగ నేర్పడినది. ఏడాదికి తక్కువగాక ఏడేండ్ల వఱకు శిక్ష. ఆపదవేళ పోలీసులను పిలుచు టెలిఫోను సంఖ్యయు 112యే. నేరమునకును మొఱకును ఒకే అంకె కుదిర్చిన మహానుభావుడెవడో గాని, నావంటి మతిమరపువానికి గొప్ప యుపకారము చేసినాడు.

రేవున స్నానము చేయువారికి నేను చెప్పునది ఒక్కటే: కుటుంబమును రెండు జట్లుగ విడదీసి, ఒక జట్టు మునుగుచుండగా రెండవ జట్టు గట్టున బట్టలయొద్ద కూర్చుండవలెను. అందఱును ఒక్కసారి పుణ్యము సంపాదింప బూనినచో గట్టుననున్నదెల్ల పుణ్యమునకే పోవును. కన్నులు మూసి, చేతులు జోడించి, గోత్రనామములు తలచుకొను సంకల్పవేళకు మించిన శుభముహూర్తము జేబుదొంగకు ఏ పంచాంగమునందును లేదు. మా మేనమామగారు, ప్రధానోపాధ్యాయులుగ పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు, పాదరక్షల విషయమున ఒక యుక్తి పన్నిరి: ఎడమకాలి చెప్పు మార్కండేయస్వామి గుడి మెట్లపై విడిచి, కుడికాలిది చాల దూరమున రావిచెట్టు మొదట విడుచుచుండిరి. కొంతకాలమా యుక్తి సాగినది. ఒకనాడు రెండును లేవు. అంత జనములో ఆ రెండింటిని వెదకి, జత కలిపి, పట్టుకొనిపోయిన వాని యోపికకు ఆయన కోపగించుటకు మారుగ ముచ్చటపడి, "వీడు నా బడిలో చదివి ఉంటే కలెక్టరయ్యేవాడురా" అని నిట్టూర్చిరి.

ఆయనయే 2015 జూలైలో, పుష్కరములు జరిగిన ఆ పండ్రెండు దినములలో నొకనాడు, మఱియొక ప్రయోగము చేసిరి. ‘జేబుదొంగలున్నారు జాగ్రత్త’ యని మైకులో ప్రకటన వినబడగానే జనమెల్ల తమ తమ జేబులను తడవి చూచుకొందురు. ఎవని సొమ్ము ఎచ్చట నున్నదో దొంగకు అట్లు సులభముగ తెలియును. మామయ్యగారు ప్రకటన వినబడినప్పుడెల్ల చొక్కా జేబును గట్టిగ అదిమి పట్టుకొనుచుండిరి. అందున్నది మడతపెట్టిన పాత కరెంటుబిల్లు. మధ్యాహ్నమునకు అది పోయినది. "వాడే కట్టేస్తాడేమో, నెలాఖరుదాకా చూద్దాం" అని నిశ్చింతగ భోజనమునకు కూర్చుండిరి.

ఆధునిక వంచనలను గూర్చి విస్తరింపను. అవి అన్ని యూళ్ళలోను ఒక్క తీరుననే ఉన్నవి. సత్రములో గది యిత్తుమని చరవాణిలో బయానా పుచ్చుకొని మాయమగువారును, దుకాణదారుని క్యూఆర్ కాగితముపై తమ కాగితము అంటించి పోవువారును మొగము చూపరు, ‘అండి’ యనరు. వారియందు నాకు గౌరవము లేదు. డబ్బు పోయిన వెంటనే 1930కు ఫోను చేయుడు. అంతే.

రేవున నెవరికిని మర్యాద చేయక బ్రతుకువారు కూడ కలరు; వారు అయస్కాంతమును పొడవాటి త్రాటికి కట్టి నీటిలోనికి విసరి, భక్తులు గోదావరీమాత కర్పించిన నాణెములను పైకి లాగు కుఱ్ఱవాండ్రు. "తప్పు కదరా, అమ్మవారి సొమ్ము" అని ఒకనిని మందలించితిని. "అమ్మ పిల్లలకి పెట్టుకోదా ఏంటి" అని త్రాడు చుట్టుకొనుచు నావైపు చూడకయే పలికెను. ఆ న్యాయమునకు ప్రతివాదము నా కింకను తోచలేదు.

ఇక పులస. సముద్రమునుండి వరదకాలపు ఎఱ్ఱనీటికి ఎదురీది గోదావరిలోనికి వచ్చు ఇలసచేపయే పులస యగునని మావారి నమ్మకము. ఆ యెదురీతలో ఉప్పు విడిచి రుచి చేరునందురు. పుస్తెలమ్మియైన పులస తినవలెనను సామెతను పుట్టించినది చేపలవర్తకుడే యని నా యనుమానము. గోదావరిలో దొరకునది కొలది, కోరువారు కోకొల్లలు; కావున ఒడిశా తీరపు చేప మంచుపెట్టెలలో పయనించి వచ్చి ఇక్కడ పులసగ నామకరణము పొందుచుండును. మా తోడల్లుడు పట్టుబట్టి బజారునకు బయలుదేరెను, నేను వెంటనుంటిని. అమ్ము ఆమె చేపను రెండు చేతులతో పసిబిడ్డనువలె ఎత్తి చూపి, "ఆయ్, తెల్లారగట్ల వలకి పడిందండి. ఇంకా కదుల్తాందండి బాబూ" అనెను. పులస నీటినుండి వెలువడిన కొలదిసేపటికే ప్రాణము విడుచు సుకుమారి. ఇదియో, తోక పట్టి నిలువబెట్టినను వంగనంతగ బిగిసియున్నది. గంప అడుగునుండి నీరు ధారగ కారుచుండెను. "ఈ నీళ్ళేమిటమ్మా?" అని నేనడిగితిని. "గోదారి నీళ్ళేనండి" యని తడుముకొనక చెప్పెను. ఆ నీటిలో పిడికెడంత మంచుగడ్డ యొకటి తేలుచుండెను. గోదావరి గడ్డకట్టిన సంవత్సరమేదియు మా యూరి చరిత్రకారులు వ్రాయలేదు. అయినను ఆమె "మీ తమ్ముడుగారు ముచ్చటపడుతున్నారండి, కాదనకండి" యని నావైపు చూచిన చూపునకు నేను నోరు మెదపలేకపోతిని. కిలో నాలుగువేలకు బేరము కుదిరినది. బెండకాయలు వేసి పులుసు పెట్టి, మరునాటివఱకు నిలువయుంచి తిన్నవారందఱును పులసకు సాటి పులసయే యని లొట్టలు వేసిరి.

2027లో మరల పుష్కరములు వచ్చుచున్నవి. బృహస్పతి సింహరాశిలో ప్రవేశించును. సమస్త తీర్థములును గోదావరిలో ప్రవేశించునందురు. వానితో పాటు ప్రవేశింపదలచినవారు ఇప్పటినుండియే సాధన చేయుచుందురని నేనెఱుగుదును. వచ్చువారు ఎవరినైన ఆదర్శముగ గైకొనదలచినచో, గడచిన కార్తికమున కోటిలింగాలరేవున నేను చూచిన కోనసీమ ముసలమ్మను చెప్పవచ్చును.

గోదాన మనునది రేవున ఒకే గోవుతో ఉదయాస్తమయములు సాగును. యజమాని త్రాడు పట్టుకొని నిలుచును. పురోహితుడు మంత్రము చెప్పును. యాత్రికుడు తోక పట్టుకొని, నీరు వదలి, నూటపదహారు చెల్లించి వైతరణిని దాటును. గోవు మాత్రము ఎక్కడికిని దాటక మఱియొక యాత్రికునికై నిరీక్షించును. ముసలమ్మయు తోక పట్టి, దక్షిణ చెల్లించి, కొంగు సర్దుకొని అడిగెను:

"పంతులుగారూ, ఇక ఈ ఆవు మీదేనా అండి?"

"నాదేనమ్మా. తమరు దానమిచ్చారు గదా."

"అయితే తాడు అతగాడి చేతిలో ఎందుకండి? మీరు పుచ్చుకోండి. ఇంటికి తోలుకెళ్ళేదాకా చూసి పోతాను."

"అదెలా కుదురుద్దండీ" యని యజమాని కంగారుపడెను. "ఆవు నాదండి."

"నీదెలాగరా అబ్బాయ్? నువ్వు నాకిచ్చావు, నేనాయనకిచ్చాను. ఇందరు చూశారు."

జనము మూగిరి. పంతులుగారు మొదట నవ్విరి. పిదప, ఆ పాడియావును ఆపాదమస్తకము ఒక్కసారి పరికించి, ముసలమ్మ వాదములో ధర్మము లేకపోలేదని తోచినవానివలె త్రాటివైపు చేయి చాపిరి. యజమాని త్రాడు రెండు చుట్లు బిగించి, ఉదయమునుండి తనకు రావలసిన వాటా మాట ముందు తేల్చుమనెను. ఆ తరువాత జరిగిన సంభాషణలో ‘అండి’ యను మాట ఒక్కటియు నాకు వినబడలేదు. తుదకు పెద్దలు కలుగజేసికొని సగము సొమ్ము ముసలమ్మకు తిరిగి ఇప్పించిరి.

ఆమె ఆ డబ్బు కొంగున ముడివేసికొని, నోరులేని జీవమునకు ఇంత మేత పెట్టి పోవుదమని గడ్డికట్టలమ్మునామె వద్దకు నడచెను. ఆ గడ్డియామె త్రాడు పట్టుకొన్నవాని యిల్లాలు. ఆవు రెండు పోచలు కొరికీ కొరుకకమునుపే కట్టను మరల గంపలోనికి చేర్చుటయందు సిద్ధహస్తురాలు. చెప్పుదమని నేను మెట్లు దిగుచుండగనే "రండమ్మా, పచ్చగడ్డండి, కట్ట ఇరవయ్యేనండి" యని ఆమె పీట వేసెను. ముసలమ్మ పీటపై కూర్చుండి, కట్ట విప్పి, పోచలు లెక్కపెట్టసాగెను.