సంతకం ఎవరు పెట్టాలి?

నేను పెరుగు ప్యాకెట్ తెస్తే మా ఆవిడ తేదీ చూశాకే ఫ్రిజ్‌లో పెడుతుంది. కరెంటు బిల్లు కట్టానంటే రసీదు చూపించమంటుంది. ఇన్నేళ్ల కాపురంలో నా నోటిమాట మీద మా ఇంట్లో ఏ పనీ జరగలేదు. అలాంటి నన్ను నమ్మేవాళ్లూ ఉన్నారని ఈమధ్యే తెలిసింది. తెలంగాణ ప్రభుత్వం!

డాబా మీద ఓ గది వేసుకుని ప్రశాంతంగా రాసుకోవాలని నా కోరిక. (రాసేదేమీ లేదు, అది వేరే సంగతి.) పనిలో పనిగా పక్క సందు మీద రేకులు కప్పేస్తే సామాన్లకీ చోటు దొరుకుతుంది. మేస్త్రీ పైకీ కిందికీ చూసి, "పర్మిషన్ ఎందుకు సార్? ఆదివారం స్లాబ్ ఏసేద్దాం. సోమవారం ఆఫీసు తెరిచేలోపు మనది పాతిల్లే!" అన్నాడు. ఆ న్యాయం నాకు భలే నచ్చింది.

మా ఆవిడకు నచ్చలేదు. రంగులు వేయించినా, గచ్చు మార్చినా ఎవర్నీ అడగక్కర్లేదుగానీ, పైన గది లేస్తే అనుమతి ఉండాల్సిందేనంది. సందు ఊసే ఎత్తొద్దంది. సెట్‌బ్యాక్ అంటే గాలికీ వెలుతురుకీ వదిలిన జాగా, నీ అట్టపెట్టెలకు కాదంది.

సరేనని రూల్సు తిరగేశాం. 2020లో వచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ప్రకారం 75 గజాల లోపు చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. మాది అంతకన్నా పెద్దది. 600 గజాల లోపు స్థలం, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే ఆన్‌లైన్‌లో అక్కడికక్కడే అనుమతి ఇచ్చేస్తారు. చూడ్డానికి వచ్చేది ఆ తర్వాతే. కొలతలన్నీ నిజమేనని ముందు మనమే సంతకం పెట్టి ధ్రువీకరించాలి.

"చూశావా, సర్కారుకి నామీద ఎంత గురో!" అన్నాను ఛాతీ విరుచుకుని.

ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఇంకాస్త కిందికి చదివింది. చెప్పింది అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చేయొచ్చట.

"సంతకం నేను పెడతా" అంది. ఇల్లెలాగూ తన పేరునే ఉంది.

టేపు పట్టుకుని సందు కొలిచింది. ఎప్పుడో నేను ముచ్చటపడి మెట్ల పక్కన కట్టించిన బాత్‌రూమ్ నిండు సెట్‌బ్యాక్‌లో నిలబడి ఉంది. అది కొట్టించాకే గది మాట ఎత్తమంది.

డాబా మీద గది కావాలనుకునే సోదరులారా, మేస్త్రీకి ఫోన్ చేసేముందు మంజూరైన ప్లాను కాయితం ఎక్కడుందో వెతకండి. మాది బ్యాంకులో ఉంది, అప్పు తీరాక ఇస్తారట.