వయోవివక్షా నివారకుడు

శంకర్‌పల్లి మండలమున హైదరాబాదు చెంతనున్న మోకిలకు వచ్చిపోవువారిని ఆ ఊరివారు ఇప్పుడు కారు తలుపు తెఱచిన తీరునుబట్టియే పోల్చుకొనగలరు: దిగి చేయి చాచి నలుదిక్కులు చూపువాడు స్థలముల బ్రోకరు, దిగి ఫోనులో పటము చూచుకొనుచు తికమకపడువాడు కొనవచ్చినవాడు, దిగక అద్దము మాత్రమే దించువాడు పెద్ద అధికారి, కారే లేక, శంకర్‌పల్లి బస్సు దిగి, భుజమున జనపనార సంచి, మెడలో గుర్తింపుకార్డు, చంకలో చుట్టచుట్టిన చార్టులు, చేత స్కెచ్‌పెన్నుల పెట్టె ధరించి, ఎదురైన ప్రతి నెరసిన తలకును ఒక చిరునవ్వు సమర్పించుచు వచ్చువాడు స్వచ్ఛందసంస్థవారి ప్రాజెక్టు ఆఫీసరు.

ఇతనికి 28 ఏండ్లుండును. ఎమ్మెస్‌డబ్ల్యూ పట్టా కలదు. నిరుడు ఇతడు ఇదే ఊరిలో చేతులు కడుగుకొనవలసిన విధానమును బోధించెను; అంతకు ముందటి ఏడు ఇంకుడుగుంతల మహిమను కీర్తించెను; ఈ ఏడు వృద్ధులపట్ల లోకమునకుగల చిన్నచూపును, అనగా వయోవివక్షను, సమూలముగా పెకలించుటకు కంకణము కట్టుకొనినాడు. ఏ విషయమునకు నిధులు మంజూరైన ఆ విషయముపై ఇతనికి గాఢమైన ప్రేమ జనించుటను చూచి కొందఱు నవ్వుదురు గాని, మార్చి 31 వఱకు ఆ ప్రేమ కల్తీలేనిదని నేను ప్రమాణము చేయగలను.

ఇతని ప్రథమ కష్టము వృద్ధులు దొరకకపోవుట. శిక్షణ ప్రణాళికలో ‘క్రియాశీల వార్ధక్యము’ అను అధ్యాయమొకటి కలదు. వయసు మీరినవారిని మూలను కూర్చుండనీయక ఏదేని పనిలో ప్రవేశపెట్టవలెనని దాని తాత్పర్యము. అయితే పంచాయతీ కార్యాలయము ముందు షామియానా వేయించి, ప్లాస్టిక్కు కుర్చీలు వరుసదీర్చి, ఉదయము పదిన్నర గంటలకు ఇతడు ఎవరికొఱకై నిరీక్షించుచున్నాడో ఆ అవ్వలు కోడికూతకు ముందే లేచి, తలకు తువాలు చుట్టుకొని, చేవెళ్ల మొయినాబాదు ప్రాంతపు పూలతోటలలో చామంతులు, గులాబీలు త్రెంపి, గుడిమల్కాపూర్ మార్కెట్టుకు పోవు ఆటోల కెక్కించి, ఆ మీదట కూరగాయల మళ్లలో కలుపునకు దిగి యుందురు. ఆ వేళకు ఊరిలో చెట్టు క్రింద తీరికగా కనబడువారు, తాతలనాటి పొలము అమ్మిన సొమ్ముతో మోటారుసైకిలు కొని, దానిపై కూర్చుండుటయే వృత్తిగా గల యువకులు. క్రియాశీలత వారికి బోధింపదగినదే. కాని వారు ప్రాజెక్టు పరిధిలోనికి రారు.

పొద్దు వాలిన పిమ్మట అవ్వలును తాతలును చేరుదురు. అప్పుడు ఇతడు కంఠమెత్తి, ఒక్కొక్క అక్షరమును విడదీసి, చంటిబిడ్డకు పాలు త్రాగించునప్పటి లాలన స్వరమున మాటలాడ నారంభించును. వృద్ధులందఱును చెవిటివారనుకొనుట వివక్షయనియు, వారితో శిశుభాష మాటలాడుట అవమానమనియు మూడవ చార్టుమీద ఎఱ్ఱసిరాతో వ్రాసికొనివచ్చినవాడును ఇతడే! మధ్యాహ్నమంతయు టమాటా గంపలు మోసి వచ్చిన యొక అవ్వ మోచేయి పట్టుకొని ఇతడు అతిజాగ్రత్తగా కుర్చీలో దింపుచుండగా, ఆమె ఈతని బక్కచేతులను చూచి, ఎక్కడ పడిపోవునో యని తానే ఒక చేతితో ఈతనిని పట్టుకొనియుండును.

తరువాత ప్రశ్నావళి. శిక్షణకు ముందొకటి, వెనుకొకటి నింపవలెను. రెండింటి నడుమగల వ్యత్యాసమే జ్ఞానోదయమని దాతల సిద్ధాంతము. అందు మొదటి గడి వయస్సు.

“అవ్వా, నీకెన్నేండ్లు?”

“దేనికి బిడ్డా? పింఛన్‌కా, కూలికా?”

ఈ ప్రశ్నకు సమాధానము శిక్షకుల కరదీపికలో లేదు. ఆసరా పింఛనుకు అర్హతావయస్సును తెలంగాణ ప్రభుత్వము 2021లో 65 నుండి 57కు దించినందున, అందాక వయసు దాచుకొనిన వారెందఱో నెలకు 2,016 రూపాయల కొఱకై సంతోషముగా ముదుసళ్లగుటకు ముందుకు వచ్చిరి; తోట యజమాని యెదుట మాత్రము వారే మరల నడివయస్సువారు. ఆధారుకార్డు చూతమన్న, సగముమంది జనవరి 1వ తేదీననే జన్మించి యుందురు.

“మిమ్ములను నొప్పించు మాటలు చెప్పుడు, వ్రాసెదను” అని ఇతడు చార్టు విప్పును. మొదట మౌనము. పిదప నొక తాత, “కృష్ణా రామా అనుకుంట ఓ మూలకు కూసోరాదు అంటరు” అనును. “కాటికి కాళ్లు సాపినంక నీకెందుకు అంటరు.” “కొత్త ధోతి కట్టుకుంటె ముసలోనికి దసరా పండుగ అంటరు.” ఇక ఆగదు, రెండు చార్టులు నిండి మూడవదాని వెనుకవైపు వ్రాయవలసి వచ్చును, ఇతని కన్నులు చెమర్చును. ఆ ఉత్సాహమున, “మఱి మీరు పడుచువారిని ఏమందురు?” అని అడుగుట యొక పొరపాటు. “గీ కాలపు పోరగాండ్లకు ఏం తెల్వది” అను మొదటి వాక్యముతోనే సభ యావత్తు నవయౌవనము దాల్చి, కోడండ్లను మనుమలను చీల్చి చెండాడి, చివరకు, “నువ్వు పిల్లగానివి, నీకేమెరుక” అని శిక్షకుని కడకే వచ్చును. ఇదియు వయోవివక్షయే, ప్రపంచ ఆరోగ్యసంస్థ 2021 మార్చిలో ప్రకటించిన నివేదిక, చిన్నవారిపట్ల చులకనను గూడ ఇందే చేర్చినది. ఆ నివేదిక ప్రకారము లోకమున ప్రతి యిద్దఱిలో ఒకరికి ముసలివారిపై చిన్నచూపు కలదని ఇతడు ప్రకటింపగా, సభలోని ప్రతివారును ఆ యొకరు ప్రక్కవారేనని తలయూపి తృప్తిచెందుదురు.

రెండవనాటి కార్యశాల అదే ఊరి విల్లాలలో. అక్కడ కొడుకుల యిండ్లలో కాపురముండు విశ్రాంత ఉద్యోగులు, విశ్రాంత ఆచార్యులు, ఎయిర్‌కండిషన్డ్ క్లబ్‌హౌసునందు ముందుగనే ఆసీనులై యుందురు. వీరికి బోధించుట యనగా కత్తిమీద సాము. ఒకరు స్లైడులోని అక్షరదోషమును దిద్దుదురు. ఒకరు అధ్యక్షోపన్యాసము తమదే యనుకొని లేతురు. డెబ్బదియైదేండ్ల పెద్దమనిషి యొకరు, 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వము పదవీవిరమణ వయస్సును 58 నుండి 55కు తగ్గించినప్పుడు తన తండ్రి రాత్రికి రాత్రి ఎట్లు ముసలివాడైనదియు, ఉత్తరువు నిచ్చిన ముఖ్యమంత్రి తానప్పటికి 60వ యేట నుండుటయు, అది మరల 58 అగుటయు, 1985లో సుప్రీంకోర్టు ఆ తగ్గింపునే సమర్థించుటయు, తెలంగాణలో 2021 నుండి 61కి పెరుగుటయు, టీ చల్లారువఱకు వినిపించును. ప్రాజెక్టు ఆఫీసరు అప్పటికి పుట్టలేదు గాన వినయముగా వినును. కడకొక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, “ఈ పాఠము మేమే చెప్పెదము నాయనా, జీతమక్కఱలేదు” అని ముందుకు రాగా, ఇతడు నీళ్లు నమలును. ఏలయన ఇతని సంస్థవారి ఉద్యోగప్రకటనలో శిక్షకుని వయస్సు 35 ఏండ్లకు మించరాదని స్పష్టముగా నున్నది.

వయోవివక్ష యను భావమునకు 1969లో పేరు పెట్టినవాడు రాబర్ట్ బట్లరు అను అమెరికా వైద్యుడని ఇతడు రెండుచోట్లను చెప్పును. చెప్పనిది, నాకు అంతకంటె రుచించునది, ఆ పేరు పుట్టుటకు కారణమైన తగాదా. వాషింగ్టను ప్రక్కన చెవీ చేజ్ అను సంపన్నుల పేటలో పేద వృద్ధులకు ఇండ్లీయబోగా ఇరుగుపొరుగు అడ్డుపడిరి. అనగా అదియు స్థలము తగాదాయే! మోకిల అవ్వలకు ఇంత చక్కగా బోధపడు ముక్క వేఱొకటి యుండదు.

ఏలయన ఇచ్చటి వార్ధక్యమంతయు భూమి ధరతో ముడివడినది. 2023 ఆగస్టులో హైదరాబాదు మహానగరాభివృద్ధి సంస్థ (హెచ్.ఎం.డి.ఏ.) వారు మోకిలలో ప్లాట్లు వేలము వేయగా, గజము 25 వేలని నిర్ణయించినది గరిష్ఠముగా లక్ష దాటి పలికెను. నాటినుండి పట్టాదారు పాసుపుస్తకము ఎవరి పేరనున్నదో ఆ తాతకు మంచము వరండానుండి నడుమగదికి మారినది. దగ్గుమందు సకాలమున అందుచున్నది. మనుమలు కాళ్లు పిసుకుచున్నారు. ఆ మర్యాదకు గడువు కలదు. “రిజిస్ట్రేషన్ దాక నాయినా అన్నడు, అటెన్క ఓయ్ అంటుండు” అని యొక తాత చెప్పిన మాటను మన ఆఫీసరు చార్టుపై వ్రాసికొని, ‘భాషలో గౌరవలోపము’ అను శీర్షిక క్రింద చేర్చెను.

తాత అడుగవచ్చినది భాష గుఱించి కాదు. సభ ముగిసి, ఫోటో తీసి, సమోసాలు పంచిన పిమ్మట ఆయన పంచాయతీ మెట్లవద్ద ఇతనిని నిలువరించి, కొడుకునకిచ్చిన భూమి మరల వచ్చునా యని అడిగెను. ఆ సమాధానము ఇతని స్లైడులలో కలదు, 42వది, సమయాభావముచే ప్రతిసారి వదలివేయబడునది. ఇతడు సంచి బోర్లించి, స్టిక్కరు కాగితములక్రింద నలిగిన కరపత్రమును వెదకి తీసి, మెట్టుమీద కూర్చుండి, అరువక, లాలింపక, మామూలు గొంతుతో, తెలియనిచోట తెలియదని చెప్పుచు, పావుగంట చదివి వినిపించెను. ఇతడు జీతమునకు తగిన పని చేసినది ఆ పావుగంటయే యని నా తీర్పు. అందఱు వెళ్లిపోయిరి గాన దానికి ఫోటో లేదు, ఫోటో లేదు గాన నివేదికలో లేదు.

కరపత్రములోనిది నేనే వ్రాయుచున్నాను. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. దాని 23వ సెక్షను ప్రకారము, పోషించెదమను షరతుపై ఆస్తి వ్రాయించుకొని పిదప పోషింపనివారి పత్రమును ట్రైబ్యునలు రద్దుచేయవచ్చును. అట్టి షరతున్నట్లు రుజువు కానిచో ఆ సెక్షను వర్తింపదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో చెప్పినది. కావున దానపత్రము వ్రాయు పెద్దలు, కొడుకెంత బంగారమైనను, ఆ షరతును పత్రమందే వ్రాయించుకొనుడు. మోకిలవారి అర్జీ చేవెళ్ల ఆర్డీఓ కార్యాలయమున ఇయ్యవలెను. ముందుగా సలహా కావలసినవారికి వృద్ధుల ఉచిత ఫోను సంఖ్య 14567, ఉదయము 8 నుండి రాత్రి 8 వఱకు.